చెరువుని ట్యాంక్ అంటే తప్పా? మా పాప నోటుబుక్కులో ఎర్రపెన్నుతో కొట్టేశారు

సోమశిల_నీళ్లు
మా పాప నాలుగో తరగతి. నెల్లూరులోనే ఒక ఇంగ్లీషు మీడియం బడి. ‘మా ఊరు’ మీద పది వాక్యాలు ఇంగ్లీషులో రాసుకురమ్మన్నారు. దసరా సెలవలకి ఆత్మకూరు పక్కన వాళ్ల తాత దగ్గరికి పోయొచ్చింది గదా, ఆ హుషారులో ఎవర్నీ అడక్కుండా తనే కూర్చుని రాసుకుంది. “మా ఊళ్లో పెద్ద ట్యాంక్ ఉంది. బర్రెలు ట్యాంకులో స్నానం చేస్తాయి. మా తాత రోజూ పొద్దున్నే ట్యాంక్ బండ్ మీద నడుస్తాడు.” ఇంగ్లీషులో ఇదే అర్థం.

మూడు ట్యాంకుల చుట్టూ ఎర్రపెన్నుతో సున్నాలు చుట్టి పైన ‘పాండ్’ అని రాసిచ్చారు. బర్రెల వాక్యం పక్కన రెండు ప్రశ్నార్థకాలు. పైగా ఆ వాక్యం క్లాసులో చదివి వినిపించారంట. పిలకాయలంతా మిద్దె మీద సింటెక్స్ ట్యాంకులో బర్రె కూర్చున్నట్టు ఊహించుకుని ఒకటే నవ్వు. ఇంటికొచ్చి బువ్వ కూడా తినలా. “తాతే చెప్పాడు నాన్నా ట్యాంక్ అని” అంటా ఏడుస్తా ఉంది.

మా నాయన పాత కాగితాలన్నిట్లో చెరువుకి ట్యాంక్ అనే ఉంటది. ఆయన చదువుకున్న ఇంగ్లీషు కూడా అదే. ఇంతకీ తప్పెవరిది? ఈ మాట యాడినుంచి వచ్చింది? తెలిసినోళ్లు వివరంగా చెప్పండి, పాపకి చూపించాలి.

ఒంగోలు_గిత్త
సింటెక్స్‌లో బర్రె అనంగానే నాకూ నవ్వొచ్చింది, మన్నించన్నా. కానీ పాపని క్లాసులో నవ్వులపాలు చేయడం మాత్రం తప్పే.

అడంగల్_అన్న
ముప్పై ఏళ్లు రెవెన్యూలో పనిచేసినోణ్ణి. నేను చూసిన ఇంగ్లీషు రికార్డుల్లో చెరువు పోరంబోకుని ‘ట్యాంక్ పోరంబోక్’ అనే రాస్తాం. కట్టని ‘ట్యాంక్ బండ్’, చెరువు లోపలి భాగాన్ని ‘ట్యాంక్ బెడ్’. ఇరిగేషనోళ్లకి ‘ఎంఐ ట్యాంక్’, అంటే మైనర్ ఇరిగేషన్, చిన్న నీటిపారుదల చెరువు. పాండ్ అని రాసిన కాగితం నా సర్వీసులో నా చేతికి రాలా. మీ పాప రాసింది నూటికి నూరుపాళ్లు కరెక్టు.

మిద్దెతోట
రికార్డుల్లో ఉంటే కరెక్టయిపోద్దా అన్నా? ప్రభుత్వం కాగితాల ఇంగ్లీషు వేరు, మాట్లాడే ఇంగ్లీషు వేరు. ఇయ్యాల ట్యాంక్ అంటే ఎవరికైనా మిద్దె మీదిదో బండిలోదో గుర్తొస్తది. టీచరు చెప్పింది అంత తప్పేం కాదు.

డల్లాస్_కోవూరు
మిద్దెతోట అక్కా, ఎవరికైనా అన్నారు గదా, ఒక సంగతి చెప్తా. నాది కోవూరు, ఇప్పుడు టెక్సాస్‌లో ఉండా. ఇక్కడ పల్లెల్లో రైతులు పశువుల కోసం మట్టికట్ట పోసి వాననీళ్లు నిలబెట్టిన కుంటని ఏమంటారో తెలుసా? ట్యాంక్. అచ్చంగా అదే మాట. మొదటిసారి నేనూ నమ్మలా. ఒక రాంచ్ కాడ, అంటే పశువుల్ని మేపే పెద్ద పొలం, అక్కడి పెద్దాయన “ఆవులు ట్యాంక్ కాడ ఉన్నాయి” అంటే ఇనప తొట్టి కోసం వెతికినా. తీరా చూస్తే మన కుంటే. తుంగ, కొంగలు, బురదలో గిట్టల గుర్తులు, అన్నీ ఉండాయి. బర్రెల బదులు ఆవులు, అంతే తేడా.

మీ పాప వాక్యాన్ని ఆయనకి చదివి వినిపిస్తే ఒక్క అక్షరం కూడా మార్చడు.

సోమశిల_నీళ్లు
అబ్బ, ఈ ఒక్క మాట చాలన్నా నాకు. పాపకి ఇప్పుడే చెప్తా.

కావలి_టీచరమ్మ
ఇరవై ఎనిమిదేళ్లు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పాను. కాబట్టి టీచరు వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. ఇప్పటి పాఠ్యపుస్తకాల్లో పిల్లలకి లేక్, పాండ్, రివర్ అనే నేర్పుతారు. ట్యాంక్ అంటే నీళ్లు పట్టే తొట్టి అనే బొమ్మ వేసి ఉంటుంది. ఆ టీచరు కూడా అట్నే చదువుకుని ఉంటుంది. తెలియక కొట్టేసింది, కక్షతో కాదు. అయితే చదివి నవ్వించడం మాత్రం నేను కూడా ఒప్పుకోను.

ఇక మాట సంగతి. ఇంగ్లీషులోకి ట్యాంక్ వచ్చింది 17వ శతాబ్దం మొదట్లో. వచ్చింది యాడినుంచో కాదు, మన దేశం నుంచే. అప్పట్లో దాని అర్థం ఒకటే: నీళ్లు నిలవబెట్టిన చెరువో కుంటో. ఇనప తొట్టీ, పెట్రోలు ట్యాంకూ, యుద్ధ ట్యాంకూ, అన్నీ తరవాత పుట్టినవే. అంటే మీ పాప వాడింది ఆ మాటకి ఉన్న అన్నిటికన్నా పాత అర్థం. ఎర్రపెన్ను తగిలింది మొదటి అర్థానికి!

సీపీ బ్రౌన్ 1852లో అచ్చువేసిన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువులో చెరువు దగ్గర చూడండి, ట్యాంక్ అనే మాట ఉంటుంది.

ఉదయగిరి_కోట
మేడమ్, మన దేశం నుంచే అంటే మన తెలుగు నుంచా? తటాకం నుంచి ట్యాంక్ వచ్చుండాలి. త-ట-క, ట-క. వినంగానే తెలిసిపోతా ఉంది గదా!

కావలి_టీచరమ్మ
వినబడినంత సులభం కాదు ఉదయగిరి. సంస్కృతంలో తటాకం, తడాగం రెండూ ఉన్నాయి. గుజరాతీ మాట ‘టాంకుం’ ఆ తడాగం నుంచే పుట్టిందని కొందరు భాషావేత్తలు అంటారు, అందరూ ఒప్పుకోరు. గుజరాతీలో ఆ టాంకుం, మరాఠీలో ‘టాంకే’ అంటే నేలలో నీళ్లు నిలవచేసే తొట్టి. ఇంగ్లీషుకి దగ్గర చుట్టం అదే.

అహ్మదాబాద్_అబ్బయ్య
మేడమ్ చెప్పింది నేను కళ్లారా చూసినా. వెంకటగిరి చీరల యాపారం మీద పదహారేళ్లుగా అహ్మదాబాదులో ఉండా. ఇక్కడ పాత ఊళ్లో ‘పోళ్’ అనే ఇరుకు సందులు. ఆ ఇళ్లల్లో నడిమింట్లో ఆకాశం కనబడేట్టు చావిడి ఉంటది, అచ్చం మన పాత మండువాలోగిళ్ల మాదిరి. ఆ చావిడి నేల కింద టాంకా. మా సేఠు వాళ్ల ఇంట్లో చూసినా: చిన్న రాతి మూత, ఎత్తితే లోపల చీకటి గది, వంగి చూస్తే నల్లగా నీళ్లు, చల్లటి గాలి మొహానికి కొట్టుద్ది. మిద్దె మీద పడ్డ వాన గొట్టంలో దిగి దాంట్లోకి పోతది. మొదటి వాననీళ్లు మాత్రం దాంట్లోకి పోనియ్యరు, మిద్దె కడిగి బయటికి వదిలేస్తారు. రెండో వాన నుంచీ పడతారు. ఆ నీళ్లు ఏడాదంతా తాగేవాళ్లంట.

మిద్దె మీద ఉండే తొట్టిని ‘టాంకీ’ అంటారు. నేల కింద ఉంటే టాంకా, నెత్తిన ఉంటే టాంకీ.

ఒంగోలు_గిత్త
హిందీ సినిమాలో హీరో ఎక్కి కూర్చునేది కూడా టంకీయే గదా బాబాయ్! అయితే మనం ఇంగ్లీషు అనుకుని మాట్లాడేది గుజరాతీయా?

పెన్నా_గట్టు
అంత తొందరపడొద్దు. నేను డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్తా. పోర్చుగీసులో ‘టాంకే’ అనే మాట విడిగా ఉంది, దానర్థం కూడా నీళ్ల తొట్టి, చిన్న కొలను. అది వాళ్ల ‘ఎస్తాంకార్’ అనే క్రియ నుంచి వచ్చిందంటారు, పారే నీళ్లని ఆపడం అని అర్థం. పోర్చుగీసోళ్లు 1498లో కాలికట్ చేరారు, 1510లో గోవా పట్టుకున్నారు. ఇంగ్లీషోళ్లు సూరత్‌లో కొట్టు పెట్టింది దాదాపు వందేళ్ల తరవాత. అప్పటికే పడమటి తీరం రేవుల్లో పోర్చుగీసు మాటలు నోళ్లల్లో నానుతున్నాయి. కాబట్టి ట్యాంక్ పోర్చుగీసు నుంచే వచ్చిందనేది నా అభిప్రాయం.

అహ్మదాబాద్_అబ్బయ్య
సార్, పోర్చుగీసోడు రాకముందు నుంచీ ఈ ఇళ్ల కింద నీళ్లుండాయి. వాడొచ్చి నేర్పాల్సిన మాటేం కాదు.

పెన్నా_గట్టు
మాట ఉందా లేదా అనేది కాదయ్యా వాదన. ఇంగ్లీషోడి చెవిన ముందు ఎవరి నోటి నుంచి పడిందనేది.

కావలి_టీచరమ్మ
ఇద్దరూ సగం సగం కరెక్టు. 1886లో వచ్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు, అంటే మన దేశం నుంచి ఇంగ్లీషులోకి పోయిన మాటల పుస్తకం, దాంట్లోనూ ఈ తగువు ఉంది. రెండు వైపులా ఒకే అర్థంతో, ఒకే చప్పుడుతో రెండు మాటలు ముందే ఉన్నాయి. రేవులో కలిశాయి. గుజరాతీ పడవ సరంగు టాంకుం అంటే పోర్చుగీసోడికి తన టాంకే లాగే వినబడింది. ఆ రెండూ కలిసిన మాటనే ఇంగ్లీషోళ్లు పట్టుకున్నారు. రెండు వాగులు కలిసి పారాక ఈ చెంబుడు ఏ వాగువని అడిగితే ఏం చెప్తాం?

పెన్నా_గట్టు
ఈ పోలికకి నేను ఒప్పుకున్నా మేడమ్. ఇంకో సంగతి చెప్తా, మన నేల మీదిది. మద్రాసు 1639లో మొదలయ్యింది. అంతకు ముందే 1626లో ఇంగ్లీషోళ్లు మన దుగరాజపట్నంలో కొట్టు పెట్టుకున్నారు. వాళ్ల రాతల్లో ఆ ఊరి పేరు ‘ఆర్మగాన్’. అంటే మద్రాసు కన్నా ముందే వాళ్లు మన నెల్లూరు తీరం నీళ్లు తాగారు.

అల్లూరు_రొయ్య
ఆ తీరం నీళ్లు తాగారంటే గొప్పోళ్లే సార్, ఉప్పు కషాయం గదా. మా వైపు తియ్యటి నీళ్లు కావాలంటే ఇసకలో దొరువు తవ్వుకోవాల్సిందే.

అన్నట్టు దొరువుని ఇంగ్లీషులో ఏమంటారు?

అడంగల్_అన్న
ఏమీ అనరు. అదే నా బాధ కూడా. మనకి చెరువు వేరు, కుంట వేరు, గుంట వేరు, దొరువు వేరు, కోనేరు వేరు, మడుగు వేరు. ఇంగ్లీషు దొర అన్నిటికీ కలిపి ఒకటే ముద్ర గుద్దాడు, ట్యాంక్ అని. గుడి కోనేరు ‘టెంపుల్ ట్యాంక్’. మైలాపూరు కపాలీశ్వరుడి కోనేరు గురించి ఇప్పటికీ చెన్నై ఇంగ్లీషు పేపర్లు అట్నే రాస్తాయి. కలకత్తాలో లాల్ దిఘీ అనే చెరువు ఉన్న చోటుకి ఒకప్పుడు ‘ట్యాంక్ స్క్వేర్’ అని పేరు. మన స్వర్ణాల చెరువు ‘నెల్లూరు ట్యాంక్’. ఏటా మొహర్రానికి రొట్టెల పండగకి లక్షల మంది నీళ్లల్లోకి దిగి రొట్టెలు మార్చుకునేది ఆ ట్యాంకులోనే. దాంట్లో మనుషులు దిగితే లేని తప్పు బర్రెలు దిగితే వచ్చిందా?

సోమశిల_నీళ్లు
ఈ ముక్క రేపు టీచరుకి చెప్తా అన్నా. రొట్టెల పండగ తెలియని మనిషి నెల్లూరులో ఉండదు గదా.

కంభం_కట్ట
ఇన్ని మాటలు చెప్పుకుని మా చెరువు పేరెత్తకపోతే ఎట్టా?

కంభం చెరువు. గుండ్లకమ్మ కొండల నడుమ సందులోంచి పారే చోట రెండు కొండలకీ అడ్డంగా మట్టికట్ట వేశారు. విజయనగర రాజుల కాలంలో, వరదరాజమ్మ కట్టించిందని మావాళ్లు తరతరాలుగా చెప్పుకుంటారు. 2020లో అంతర్జాతీయ సాగునీటి సంఘం దీన్ని ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తించింది. ఆ గుర్తింపు పత్రంలో ఏమని ఉందో తెలుసా? ‘కంభం ట్యాంక్’. పాండ్ కాదు, లేక్ కూడా కాదు.

లేక్ అంటే దేవుడు కట్టింది. ట్యాంక్ అంటే మనిషి కట్టింది. నా లెక్కకి తేడా అదే. కట్ట మీద నిలబడి ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క కింద పచ్చటి మళ్లు చూస్తే తెలుస్తది ఎందుకు వేరే మాట కావాలో. పాండ్ అంటే బాతులు తిరిగే గుంట. అది నీళ్లు పట్టుద్ది గానీ తూము తీసి ఊరికి అన్నం పెట్టదు.

మిద్దెతోట
కంభం అన్నా, ఇప్పుడు ఒప్పుకున్నా. మనిషి కట్టింది, దేవుడు కట్టింది అన్నాక నాకూ తేడా తెలిసింది. నేను పైన రాసింది వెనక్కి తీసుకుంటున్నా.

ఉదయగిరి_కోట
అదే ఏడాది కడప జిల్లా పోరుమామిళ్ల చెరువుకి కూడా ఆ గుర్తింపు వచ్చింది గదా. దాని శాసనం 1369 నాటిది. చెరువుకి ఉండాల్సిన పన్నెండు అంగాలేంటో, రాకూడని దోషాలేంటో రాయి మీద చెక్కించి పెట్టారు. చెరువు కట్టడం మనోళ్లకి అంత పెద్ద శాస్త్రం. అట్టాంటిదాన్ని ‘పాండ్’ అంటే నాకూ మనసొప్పదు.

కంభం_కట్ట
మా తాత తూము కాడ పనిచేశాడు. పాత తూము చూశారా ఎవరైనా? నీళ్లల్లో రెండు రాతి స్తంభాలు నిలబెట్టి ఉంటాయి, అడ్డంగా రాతి పలకలు, వాటి బెజ్జాల్లోంచి పొడుగాటి కొయ్య కిందికి దిగి ఉంటది. కొయ్య చివర బిరడా. కొయ్య పైకి లాగితే అడుగున రంధ్రం తెరుచుకుని నీళ్లు కాలవలో పడతాయి. ఎంత లాగాలో మా తాతకి చెయ్యే చెప్పేది. “జానెడు లాగితే ఈ కాలవ నిండుద్ది, జానా బెత్తెడు లాగితే కింద చేలు మునుగుతాయి” అనేవాడు. వానాకాలం రాత్రిళ్లు లాంతరు పట్టుకుని ఈదుకుంటా పోయి కొయ్య దించి వచ్చేవాడంట. ఆయన కాళ్ల వేళ్ల మధ్య ఎప్పుడూ పాసి వాసనే.

పొదిలి_ఎండ
మీరంతా నిండిన చెరువుల గురించి మాట్లాడతా ఉండారు. మా పొదిలి, కనిగిరి వైపు ట్యాంక్ అనే మాటకి ఒకటే అర్థం అన్నా: నీళ్ల ట్యాంకరు. ఫ్లోరైడు వల్ల బోరు నీళ్లు తాగలేని ఊళ్లు మావి. నా చిన్నప్పుడు ట్యాంకరు హారన్ మోగితే బడి గంట కన్నా గట్టిగా వినబడేది. మా అమ్మ పొయ్యి మీద సంగటి వదిలేసి బిందె ఎత్తుకునేది. బిందెలు వరసన పెట్టి ఉండేవి, పొద్దున్నే వచ్చిన బిందె, రాత్రి నుంచి ఉన్న బిందె. చోటు కోసం రాయి పెట్టి పోయేవాళ్లు, ఆ రాయి ఎవరిదో ఊరందరికీ తెలుసు. గొట్టం ఒదులుగా ఉండి నీళ్లు కారతా ఉంటే పిలకాయలం దోసిళ్లు పట్టేవాళ్లం. ఆ కారిన నీళ్లు కూడా మట్టిలోకి పోనిచ్చేవాళ్లు కాదు ఆడోళ్లు, కింద గిన్నె పెట్టేవాళ్లు.

చెరువు ఎండిపోతే ట్యాంకరు వస్తది. రెండూ ఒకే మాటని ఇయ్యాలే తెలిసింది నాకు.

సోమశిల_నీళ్లు
పొదిలి అన్నా, మీ పోస్టు మా ఇంట్లోవాళ్లకి చదివి వినిపించినా. కాసేపు ఎవరం మాట్లాడలేకపోయాం.

బిట్రగుంట_బండి
నేను రైలు వైపు నుంచి వస్తా. మా నాయన బిట్రగుంట స్టీమ్ షెడ్డులో ఫిట్టరు. ఆవిరి ఇంజన్లలో రెండు జాతులు. ఒకటి వెనక పెట్టె తగిలించుకుని బొగ్గూ నీళ్లూ దాంట్లో మోసేది, దాన్ని టెండర్ ఇంజన్ అంటారు. ఇంకోటి నీళ్లని తన ఒంటి మీదే, బాయిలరుకి రెండు పక్కలా తొట్లల్లో మోసేది, అది ‘ట్యాంక్ ఇంజన్’. పొట్టిగా ఉంటది, ముందుకీ వెనక్కీ ఒకే తీరుగా పోతది, యార్డులో పెట్టెలు అటూ ఇటూ నెట్టడానికి అదే బాగుంటది. మా నాయన ట్యాంక్ ఇంజన్ని “కడుపుతో ఉన్నది” అనేవాడు, ఆ పక్క తొట్లు చూసి.

ఊరు పేరులో కూడా గుంట ఉంది చూడండి. బిట్రగుంట! ట్యాంక్ ఇంజన్ కూడా గుంట ఇంజనే.

ఒంగోలు_గిత్త
బండి బాబాయ్ లాజిక్ భలే ఉంది. అయితే పెట్రోలు బంకులో “గుంట నింపన్నా” అనాలి ఇక మీదట.

ఆవడి_పాతకాపు
యుద్ధ ట్యాంకు సంగతి ఎవరూ ఎత్తలేదే. నాది సూళ్లూరుపేట. చెన్నై పక్కన ఆవడిలో యుద్ధ ట్యాంకులు తయారుచేసే హెవీ వెహికిల్స్ ఫ్యాక్టరీలో వెల్డరుగా చేసి రిటైరయ్యా. విజయంత, అర్జున్, రెండిటి మీదా నా చెయ్యి పడింది.

దానికి ట్యాంక్ అనే పేరు దొంగచాటుగా పెట్టిందే. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిషోళ్లు 1915లో కందకాలు దాటే ఇనప బండి తయారుచేయడం మొదలుపెట్టారు. ముందు అనుకున్న పేరు ‘ల్యాండ్‌షిప్’, అంటే నేల మీద ఓడ. ఆ పేరు బయటికి పొక్కితే జర్మనోడికి అర్థమైపోద్ది గదా. అందుకని లింకన్ పట్నం ఫ్యాక్టరీలో చేసేవాళ్లకి ఇవి మెసపటోమియా ఎడారికి నీళ్లు మోసే తొట్లని చెప్పారు. ముందు ‘వాటర్ క్యారియర్’ అందామనుకున్నారంట. పొట్టి అక్షరాల్లో రాస్తే డబ్ల్యూసీ, అంటే మరుగుదొడ్డి అవుద్దని మానుకున్నారు. 1915 డిసెంబరులో ట్యాంక్ అని ఖాయం చేశారు. వాటి మీద రష్యన్ అక్షరాల్లో ‘జాగ్రత్త, పెట్రోగ్రాడ్‌కి’ అని కూడా రాశారు, ఎవరైనా చూస్తే రష్యాకి పోయే సరుకు అనుకోవాలని.

1916 సెప్టెంబరు 15న ఫ్రాన్సులో సోమ్ నది దగ్గర మొదటిసారి యుద్ధంలో దించారు. ఒక్కోటి 28 టన్నులు, లోపల ఎనిమిది మంది. ఆ రోజుతో గుట్టు బయటపడింది కానీ పేరు మాత్రం అట్నే నిలిచిపోయింది.

పెన్నా_గట్టు
బాగా చెప్పారు. దీనికి నాదొక చిన్న చేర్పు. జర్మనులు దాన్ని ‘పాంజర్’ అంటారు, కవచం అని. ఫ్రెంచివాళ్లు ‘షార్’, బండి అని. రష్యన్లు మాత్రం ఇంగ్లీషు మాటే తీసుకుని ‘టాంక్’ అంటారు. గుజరాతు నడిమింటి కింద నీళ్ల మాట రష్యా సైన్యం దాకా పోయిందంటే ఆశ్చర్యమేస్తది.

అహ్మదాబాద్_అబ్బయ్య
ఇప్పుడు ‘గుజరాతు మాట’ అన్నారు సార్. రాసిపెట్టుకుంటున్నా.

పెన్నా_గట్టు
రెండు వాగులని ఒప్పుకున్నాను గదయ్యా!

ఆవడి_పాతకాపు
ఇంకో మాట. అర్జున్ పొట్ట కింద వెల్డింగు చేసేటప్పుడు మాలో ఒక తమిళ మేస్త్రి “తణ్ణి తొట్టిక్కు ఇవ్వళవు కనమా?” అనేవాడు. నీళ్ల తొట్టికి ఇంత మందమా అని. ఆయనకి ఈ కథ ఎవరు చెప్పారో ఏమో. నాకు చెప్పింది ఆయనే.

అల్లూరు_రొయ్య
నాకో అనుమానం. పేపర్లో “షేర్స్ ట్యాంక్‌డ్” అని రాస్తారు, అంటే పడిపోయాయని గదా. పోయినసారి రొయ్యల రేటు పడిపోయినప్పుడు మా ఎగుమతి ఏజెంటు కూడా “మార్కెట్ ట్యాంక్ అయింది” అన్నాడు. నేను ట్యాంకు నిండింది అనుకుని సంతోషపడ్డా. నిండితే మంచిదే గదా, ఇదెట్టా చెడ్డ మాటయింది?

డల్లాస్_కోవూరు
దీనికి అమెరికా కథ ఉంది. ఒకప్పుడు ఇక్కడ ఈతకొలనుని ‘స్విమ్మింగ్ ట్యాంక్’ అనేవాళ్లు. ముష్టియుద్ధం (బాక్సింగ్) పోటీల్లో డబ్బు తీసుకుని కావాలని పడిపోయేవాణ్ణి “డైవ్ కొట్టాడు” అనేవాళ్లు. డైవ్ కొడితే పడేది యాడ? ట్యాంకులో. అట్టా కావాలని ఓడిపోవడం ‘ట్యాంక్’ అయింది, 1970ల నాటికి టెన్నిసు వాళ్లు బాగా వాడారు. ఆ తరవాత కావాలని అనే అర్థం పోయి, ధడాల్న పడిపోయేదంతా ట్యాంకే అయింది.

ఆడపిల్లలూ మగపిల్లలూ వేసుకునే చేతుల్లేని బనీను, ట్యాంక్ టాప్, అదీ ఆ ఈతకొలను నుంచే. ఈతకి వేసుకునే దుస్తుని ‘ట్యాంక్ సూట్’ అనేవాళ్లు, దాని పైభాగం లాగా ఉంటదని ఆ పేరు.

మిద్దెతోట
మా అబ్బాయి ట్యాంక్ టాప్ కొనివ్వమంటే యుద్ధానికి పోయే బట్ట అనుకున్నా ఇన్నాళ్లూ!

ఒంగోలు_గిత్త
మా ఆన్‌లైన్ గేముల్లో ట్యాంక్ అంటే టీమ్‌లో ముందు నిలబడి దెబ్బలన్నీ తినేవాడు. వాడు నిలబడితేనే వెనకోళ్లు బతుకుతారు. మా టీమ్‌లో ట్యాంక్ నేనే. ఇది మాత్రం ఆవడి బాబాయ్ ట్యాంకు నుంచే వచ్చుంటది.

అల్లూరు_రొయ్య
తాగినోణ్ణి కూడా ‘ట్యాంక్‌డ్’ అంటారంట గదా?

డల్లాస్_కోవూరు
అంటారు. మనం “ఫుల్లుగా ఉండాడు” అనమా? అదే. అట్టాంటోళ్లని పోలీసులు పడేసే గదిని ‘డ్రంక్ ట్యాంక్’ అంటారు. ‘థింక్ ట్యాంక్’ కూడా మొదట్లో తలకాయకి పెట్టిన పేరే, బుర్ర అని. తరవాత తరవాత సలహాలిచ్చే సంస్థలకి అంటుకుంది.

ఉదయగిరి_కోట
బుర్ర అంటే మనకీ గుల్లగా ఉండే పాత్రే గదా! సొరకాయ బుర్రలో నీళ్లు పోసుకుని అడివికి పోయేవాళ్లు మావాళ్లు. వాళ్లకీ మనకీ ఒకే ఆలోచన వచ్చింది.

కావలి_టీచరమ్మ
ఎంత బాగా పట్టుకున్నావు ఉదయగిరి. ఇది నాకు ఎప్పుడూ తట్టలేదు.

మాటలు మన దగ్గరనుంచి పోయాయంటే పిల్లలకి ఎంత సంతోషమో. నేను క్లాసులో ‘బ్యాండికూట్’ చెప్పేదాన్ని. అది అచ్చతెలుగు పందికొక్కు. ‘ఆనికట్’ తమిళం ఆణైకట్టు, మన ఆనకట్టకి అక్క వరస. పెన్నా మీద నెల్లూరు దగ్గర 1855లో కట్టినదాన్ని వాళ్లు ఆనికట్ అనే రాసుకున్నారు. ‘ట్యాంక్ బండ్’లో బండ్ పారసీ ‘బంద్’. అంటే చెరువు కట్టకి ఇంగ్లీషు పేరు అనుకునేదాంట్లో అసలు ఇంగ్లీషు మాట ఒక్కటీ లేదు.

సోమశిల, నోటుబుక్కు తీసుకుని వెళ్లు గానీ గొడవకి వెళ్లొద్దు. ఆ టీచరు చిన్నమ్మాయి అయ్యుంటుంది. కథ లాగా చెప్పు.

అడంగల్_అన్న
నా దగ్గర చెరువు పేరున్న పాత ఇంగ్లీషు నకలు ఒకటుంది. కావాలంటే సర్వే నంబర్లు కొట్టేసి ఫోటో పంపిస్తా.

సోమశిల_నీళ్లు
పంపన్నా. మేడమ్ చెప్పినట్టే పోతా.

సోమశిల_నీళ్లు
నాలుగు రోజులకి వస్తున్నా. వానలు గదా, బడికి రెండ్రోజులు సెలవిచ్చారు.

ఇయ్యాల పోయినా. మేడమ్ అన్నట్టే చిన్నమ్మాయే, ఇరవై మూడు ఇరవై నాలుగేళ్లుంటాయి. అడంగల్ అన్న పంపిన కాగితం, నిఘంటువు పేజీ, కంభం చెరువు సంగతి చూపించా. టెక్సాస్ ఆవుల మాట చెప్పా. కాసేపు నోటుబుక్కు వంకే చూసి, “మాది కొండాపురం సార్, మా ఊళ్లోనూ చెరువుంది, మా నాన్న పాసుపుస్తకంలో ట్యాంక్ అనే ఉంటుంది, నాకు తోచనే లేదు” అంది. ఎర్రపెన్నుతోనే ‘పాండ్’లు మూడూ కొట్టేసి పక్కన రైట్ పెట్టింది. క్లాసులో పాపని నిలబెట్టి మళ్లీ చదివించింది, ఈసారి తనే ట్యాంక్ కథ చెప్పింది. యుద్ధ ట్యాంకు కాడికి వచ్చేసరికి మగపిలకాయలు బెంచీలెక్కారంట.

పాప ఇంకో వాక్యం చేర్చింది. “మా ట్యాంకుకి ముగ్గురు తమ్ముళ్లున్నారు, ఒకడు మిద్దె మీద, ఒకడు బండిలో, ఒకడు మిలిటరీలో.”

ఆవడి_పాతకాపు
మిలిటరీ తమ్ముడి తరఫున పాపకి నా ఆశీస్సులు.

పొదిలి_ఎండ
ట్యాంకరు కూడా తమ్ముడే అని చెప్పన్నా పాపకి.

సోమశిల_నీళ్లు
చెప్పినా అన్నా. “వాడు అందరికన్నా మంచోడు, నీళ్లు తెస్తాడు” అంది.

కంభం_కట్ట
మీ ఊళ్లో చెరువు సంగతేంటి? ఈ వానకి నిండిందా?

సోమశిల_నీళ్లు
నాయన పొద్దున ఫోన్ చేశాడు. చెరువు నిండి రాత్రి రెండు గంటలకి కలుజు పారిందంట. ఊరంతా గొడుగులేసుకుని చూడ్డానికి పోయారు, చేపలకి వలలు కట్టేశారు అప్పుడే. శనివారం పాపని తీసుకుని పోతున్నా. ఫోటో పెడతా.

అల్లూరు_రొయ్య
చేపలు దొరికితే వాటి ఫోటో కూడా.